ట్రాక్టరు మాయమైన చోట

పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్‌లో ట్రాం ఎక్కి, చివరి స్టాపు లెష్నిత్సాలో దిగాం, నేనూ మా పిన్ని కొడుకూ. వ్రోత్స్వాఫ్‌లో ఆరేళ్లుగా ఉద్యోగం చేస్తున్నప్పటికీ, పక్కనే అంత పెద్ద యుద్ధం జరిగిందని వాడికి తెలియదు. "అందరూ ఇక్కడికి వీధుల్లో మరుగుజ్జు బొమ్మలు చూడటానికి వస్తారక్కా, నువ్వు చేలు చూడటానికి వచ్చావు" అని సణుగుతూనే బస్సెక్కాడు.

మేం వెళ్లింది లుటిన్యాకు, 1757లో ఆ యుద్ధం జరిగిన ఊరికి. జర్మన్ల కాలంలో దాని పేరు లాయిటెన్.

1740 అక్టోబరులో ఆస్ట్రియాను ఏలిన పవిత్ర రోమన్ చక్రవర్తి ఆరో చార్లెస్ పోయాడు. కూతురు మరియా థెరీసాకు 23 ఏళ్లు. డిసెంబరు తిరక్కుండానే జర్మన్ రాజ్యమైన ప్రష్యా రాజు ఫ్రెడరిక్ సైన్యంతో సైలీషియాలో దిగాడు. నార బట్టలు, గనులు, పన్నులు కట్టే జనం ఉన్న సీమ అది; లాయిటెన్ అందులోదే. తాతలనాటి ఒప్పందాలేవో చూపించాడు కానీ, ఆడపిల్ల గద్దెనెక్కిన అదను చూసుకున్నాడని నా అభిప్రాయం. దానికోసం మూడు యుద్ధాలు జరిగాయి. 1763లో సంధి కుదిరేనాటికి సైలీషియాలో అధిక భాగం అతని దగ్గరే మిగిలింది.

లాయిటెన్‌లో 1757 డిసెంబరు 5న అతనికి దాదాపు 35 వేల మంది, ఆస్ట్రియన్లకు దాదాపు 65 వేలు. ఉత్తరం వైపు కొడుతున్నట్టు నటించి, అసలు సైన్యాన్ని మిట్టల చాటున దక్షిణానికి నడిపించి, అక్కడ విరుచుకుపడ్డాడు. చదివినప్పుడు కొండలేమో అనుకున్నాను. తీరా చూస్తే కంటికి ఆనని మిట్టలు, ఎక్కినా ఆయాసం రాదు. ఇంతోటి దాని వెనక సైన్యం దాగిందంటే నమ్మబుద్ధి కాలేదు. అంతలో చక్కెర దుంపల ట్రాలీతో ఒక ట్రాక్టరు ఆ మిట్ట అవతలికి దిగింది. ముందు చక్రాలు, తర్వాత ఇంజను, చివరికి పొగగొట్టం కూడా కనబడకుండా పోయింది. చప్పుడు మాత్రం వినిపిస్తూనే ఉంది. మా తమ్ముడు మొదటిసారి ఫోను జేబులో పెట్టి అటే చూశాడు.

ఊళ్లో చర్చి చుట్టూ రాతి గోడ ఉంది. ఆనాడు దాని చాటున ఆస్ట్రియా పక్షపు సైనికులు మొండిగా నిలబడితే, ప్రష్యా దళం చొరబడి పట్టుకుంది. రాళ్ల సందుల్లో నాచు, చేత్తో తడిమితే చల్లగా ఉంది. సమాధుల దగ్గర పూలు సర్దుతున్న ముసలమ్మను మావాడు పోలిష్‌లో పలకరించాడు. ఆమె తల్లిదండ్రులు 1945 తర్వాత ల్వూఫ్ (ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది) వైపునుంచి వచ్చారట. ఇక్కడి జర్మన్లను పంపించేసి, తూర్పున ఇళ్లు పోగొట్టుకున్న పోలండ్ వాళ్లను తెచ్చిన రోజులవి. ఫ్రెడరిక్ గురించి అడిగితే భుజాలెగరేసి, తర్వాతి బస్సు గంటకు గానీ లేదని చెప్పింది.

గోడ పక్కన కూర్చుని మావాడికి చందుర్తి కథ చెప్పాను. సరిగ్గా ఏడాది తర్వాత, 1758 డిసెంబరులో, మా పిఠాపురానికి దగ్గర్లోనే ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ దొర విజయనగరం ఆనందగజపతి రాజు సాయంతో ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌ను ఓడించాడు. ఐరోపాలో ఇంగ్లీషువాళ్లది ప్రష్యా పక్షం, ఫ్రెంచివాళ్లది ఆస్ట్రియా పక్షం. లాయిటెన్ పోరు జరిగిన ఆ ఏడేళ్ల యుద్ధమే మన దాకా వచ్చింది.

"చందుర్తిలో చూడటానికి ఏముంది?" అన్నాడు, బూట్లకంటిన మట్టి పుల్లతో గీకుతూ.

"అక్కడా చేలేరా."