మధ్యలో వేలు

పదకొండు దాటింది. ఈయనతో అంటే నవ్వేస్తారు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

గిన్నెలు సర్దేసి, రేపటి అట్లకి పప్పు నానబోసి సోఫాలో కూలబడ్డా. చేతిలో ఫోన్, అందులో మాన్యుమెంట్ వ్యాలీ అనే పజిల్ ఆట. అవును, మళ్ళీ అదే, 2014లో లండన్ వాళ్ళు చేసిన మొదటి భాగమే. ఉన్నవి పది అధ్యాయాలు, కదలకుండా కూర్చుంటే ఒక పూటలో అయిపోతుంది. టైమర్ లేదు, పాయింట్లు లేవు. తెల్ల టోపీ పెట్టుకున్న ఐడా అనే బుల్లి పిల్ల, ఎదురుగా తెగిపోయిన దారి. పిడి పట్టుకుని కట్టడాన్ని తిప్పితే ఎక్కడో దూరాన ఉన్న మెట్టు వచ్చి ఈ గోడకి ఆనినట్టు కనిపిస్తుంది. కంటికి ఆనితే చాలు, ఆ పిల్ల నడిచి వెళ్ళిపోతుంది. తిప్పుతుంటే వీణ మీటినట్టు చప్పుడొస్తుంది. ఆ చప్పుడు కోసమే ముందుకీ వెనక్కీ తిప్పుతూ కూర్చున్నా.

వెనక నుంచి ఒక వేలు వచ్చింది. "ఇలా తిప్పాలోయ్!" ఐపోయింది. ఐడా అవతలికి వెళ్ళిపోయింది.

నాకు తెలీదా తిప్పాలని? తెలిసే ఆగాను.

నాన్నకి ఇలాగే జరిగింది. వారపత్రికలో గళ్ళ నుడికట్టు ఆయనది, ఇంకెవరూ ముట్టుకునేవాళ్ళం కాదు. పెన్సిల్‌తో రాసేవారు, అదీ లేతగా. చివర్లో ఒక్క మాట మిగిలితే రెండు మూడు రోజులు దాన్ని అలాగే ఉంచేవారు. స్నానానికి వెళ్తూ చూసేవారు, కాఫీ తాగుతూ చూసేవారు. ఒక పండక్కి వచ్చిన బాబాయి, భోజనానికి పిలిచేలోపు, జేబులోంచి పెన్ను తీసి ఆ మాట రాసేశాడు. పైగా కరెక్టు. అమ్మ కూడా మెచ్చుకుంది. నాన్న ఏమీ అనలేదు. పత్రిక మడిచి బీరువా మీద పడేసి, చెప్పులేసుకుని బయటికెళ్ళిపోయారు. ఆ వారం సీరియల్ కూడా చదవలేదు.

అలాంటి ఇంటి పిల్లని నేను. ఈయనకి అది తెలీదు మరి.

ఐనా ధ్యానంలాంటి ఆట అని ఊరంతా చెప్పేదీ నేనే, వేలు తగిలితే ఇంత ఎగిరేదీ నేనే. ఇదేం ధ్యానం? పోనీ ఈయన తిప్పేసి వెళ్ళిపోయారా అంటే అదీ లేదు. పక్కన చతికిలబడి, "అసలు ఎలా కలిసింది?" అని ఫోన్ అడ్డంగా, నిలువుగా పట్టుకుని చూశారు. ఈ ఆటకి మూలం డచ్ చిత్రకారుడు ఎషర్ బొమ్మలని చెప్పి, ఆయన 1961లో వేసిన జలపాతం చూపించా. కిందపడ్డ నీళ్ళు కాలవలో పారుతూనే మళ్ళీ పైకి చేరతాయి. ఇరిగేషన్ బుర్ర కదా, "లెవెల్ ఎక్కడో కొట్టేశాడు" అని వేలితో కాలవ వెంట లెక్క పెట్టారు. నవ్వొచ్చింది, ఒప్పుకోను గానీ.

ఫోన్ ఇప్పుడు ఆయన దగ్గరే ఉంది. మొదటి అధ్యాయం నుంచి మొదలెట్టారు. దారికడ్డం నిలబడే కాకి మనుషుల దగ్గర ఇరుక్కున్నట్టున్నారు, వాటి అరుపులు ఇక్కడికి వినిపిస్తున్నాయి. అడిగితే చెప్తా. అడగరు.