నాటు పెట్ట కింద గిన్నీ గుడ్లు

మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ దిక్కు. బత్తాయి తోటలో పురుగులు ఏరుకు తింటాయని, పాము కనబడితే గుంపంతా కలిసి అరుస్తాయని ఒంటినిండా తెల్ల చుక్కలుండే గిన్నీ కోళ్లు పెంచాలనుకున్నాం. ఇంట్లో అప్పటికే నాటు కోళ్లు, పెరట్లో పెంచే మేలు రకం రాజశ్రీ పెట్టలు కొన్ని ఉన్నాయి. అన్నిటినీ ఒకే గూట్లో ఉంచొచ్చా అని అడిగితే తలా ఒక మాట చెప్పారు. నేను చూసినంతలో ఉంచొచ్చు, కాకపోతే ఆ పని గుడ్డు దగ్గరే మొదలు కావాలి. పెద్దయిన గిన్నీలను తెచ్చి వదిలితే పొద్దుగూకేసరికి చెట్టెక్కి కూర్చుంటాయి. గూడు తమదని వాటికి చిన్నప్పుడే అలవాటు కావాలి. ఆ అలవాటు చేసేది కోడే.

కోడిగుడ్డు 21 రోజులకు పగులుతుంది. గిన్నీ గుడ్డుకు 26 నుంచి 28 రోజులు పడుతుంది. రెండూ ఒకే రోజు వేస్తే కోడిపిల్లలు రాగానే పెట్ట వాటితో లేచిపోతుంది, గిన్నీ గుడ్లు చల్లబడతాయి. మా అత్తమ్మ పొదుగుకొచ్చిన నాటు పెట్టను చూసి, "ముందు గిన్నీవి వెయ్యి బిడ్డా, వారం అయినంక మనవి నాలుగు పెట్టు" అన్నది. అట్లనే చేశాం. పెట్ట మామూలు కంటే వారం ఎక్కువ కూర్చోవాలి గనక దాణా, నీళ్లు గంప పక్కనే పెట్టాం. గిన్నీ గుడ్డు చిన్నగా ఉంటుంది, పెంకు మాత్రం బాగా మందం. టార్చి పెట్టి చూసినా కోడిగుడ్డంత తేటగా లోపల కనబడదు. ఓపిక పట్టాల్సిందే.

గిన్నీ పిల్లలు గోధుమరంగు చారలతో కౌజు పిట్ట పిల్లల్లా ఉన్నాయి. మొదటి రెండు వారాలే అసలు పరీక్ష. కోడిపిల్ల తట్టుకునే తడిని గిన్నీ పిల్ల తట్టుకోలేదు. పొద్దున మంచు పట్టిన గడ్డిలో తిరిగినా వణికి పడిపోతుంది. గిన్నీ తల్లి ఇదేమీ చూసుకోదు, పిల్లలను వెంటేసుకుని తడి గడ్డిలోనే పోతుంది. నాటు పెట్టను నమ్మింది అందుకే. నీళ్ల పళ్లెంలో పడి మునగకుండా గులకరాళ్లు వేశాం. న్యూస్‌పేపరు మీద కాళ్లు జారి అవిటివవుతాయని గోనె సంచి పరిచాం. నూకలతో గిన్నీ పిల్ల ఎదగదు, దాణాలో మాంసకృత్తులు 24 శాతం దాకా కావాలి. బ్రాయిలర్ పిల్లలకు మొదట పెట్టే దాణా, ప్రీస్టార్టర్ తెచ్చాం, దానికి తోడు చెదలు వేశాం. కుండలో పేడ, చెత్త నింపి తడిపి బోర్లిస్తే తెల్లారేసరికి చెదలు పట్టేవి.

నాటు పెట్ట 'కుక్ కుక్' అని పిలిస్తే గిన్నీ పిల్లలకు మొదట అర్థం కాలేదు. పక్కనున్న కోడిపిల్లలు ఉరికేవి, వాటి వెనక ఇవీ ఉరికేవి. వారం ఆగి వేసిన ఆ నాలుగు కోడిగుడ్ల విలువ నాకు అప్పుడు తెలిసింది. రోజూ సాయంత్రం గూడు ముందర సజ్జలు చల్లి ఒకే తీరుగా పిలిచాం. రెండు నెలలు దాటి పెట్ట వదిలేసినా గుంపు చెదరలేదు, కోళ్ల వెంటే లోపలికి వచ్చేవి.

పెరిగాక తేడాలు తేటగా కనబడ్డాయి. కోడి నేల గీరి పెంట చేస్తుంది, గిన్నీ గీరేది తక్కువ, గడ్డి పైనున్న పురుగును అందుకుంటుంది. మా కూరగాయల మడికి అది మేలు. చిన్నప్పుడు పుంజేదో పెట్టేదో తెలియదు, గొంతు వచ్చాక తెలుస్తుంది. రెండు ముక్కలుగా, విరిచి అరిచేది పెట్ట. పుంజు అట్ల అరవలేదు. తెల్లారగట్ల ఆ అరుపులు చాలా దూరం పోతాయి, పక్కింటి వాళ్లకు ముందే చెప్పుకోవడం మంచిది.

కొట్లాట గుడ్ల కాలంలో వస్తుంది. గిన్నీ పుంజులు కోడిపుంజును వెంటపడి తరిమి ఈకలు పీకుతాయి. దాణా రెండు చోట్ల పెట్టి, గూట్లో ఎత్తు తక్కువ, ఎక్కువ దండేలు కట్టాక తగ్గింది. గిన్నీలు పై దండెం ఎక్కుతాయి, కోళ్లు కింద ఉంటాయి. కొక్కెర తెగులు (రాణిఖేత్)కు మాత్రం తేడా లేదు, రెండింటికీ టీకా వేయించాం.

కోడి గంపలో గుడ్డు పెడితే గిన్నీ పొదలో పెడుతుంది. నాలుగైదు పెట్టలు ఒకే చోట పెడతాయి, అన్నీ ఎత్తేస్తే జాగ మార్చేస్తాయి. అందుకని ఎండలు మొదలై గుడ్లు పెట్టసాగితే మధ్యాహ్నం దాకా గూట్లోనే ఆపుతున్నాం, గుడ్లు చాలామటుకు అక్కడే దొరుకుతున్నాయి. చలికాలంలో పెట్టవు. మార్చిలో పొదుగుకు వేస్తే మృగశిర కార్తె వానలకు పిల్లలు గట్టిపడి ఉంటాయి గనక మొదటి గుడ్లను దానికే దాస్తున్నాం.