బీచ్‌లో ఎస్‌డబ్ల్యూఆర్ పెరిగితే...

బెసెంట్ నగర్ బీచ్‌లో హామ్ రేడియోకి 40 మీటర్ల బ్యాండ్ డైపోల్ (రెండు సమానమైన కాళ్లున్న తీగ యాంటెన్నా) కట్టాక ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్ యాంటెన్నా నుంచి ఎంత వెనక్కి వస్తోందో చెప్పే అంకె, 1 ఉంటే ఏమీ రానట్టు) 3 దాటిందా? తీగ కోయడానికి వెంటనే కటింగ్ ప్లయర్ తీయకండి. ముందు రేడియో నుంచి యాంటెన్నాకు వెళ్లే కేబుల్ (కోయాక్స్) సంగతి తేల్చండి. యాంటెన్నా విప్పేసి, కోయాక్స్ ఆ చివర 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టే రెసిస్టర్) పెట్టండి. ఎస్‌డబ్ల్యూఆర్ దాదాపు 1 రాకపోతే తప్పు కేబుల్‌దో, కనెక్టర్‌దో. చెన్నైలో నా మొదటి అనుమానం ఎప్పుడూ పీఎల్-259 (కోయాక్స్ చివరి ప్లగ్) మీదే. ఉప్పుగాలికి లోపల పచ్చగా చిలుం పడుతుంది. పైన తుడిస్తే లాభం లేదు, కోసేసి కొత్తది టంకం వేసుకోవాలి.

కేబుల్ బాగుంటే నానోవీఎన్‌ఏ (యాంటెన్నాను కొలిచే చిన్న పరికరం)తో డిప్, అంటే ఎస్‌డబ్ల్యూఆర్ అన్నిటికంటే తగ్గే ఫ్రీక్వెన్సీ, ఎక్కడుందో చూడండి. ఒక్కో కాలు 10.20 మీటర్లు, డిప్ 6.95 మెగాహెర్ట్జ్‌లో, మనకు కావాల్సింది 7.10 అనుకుందాం. 10.20 × 6.95 ÷ 7.10 = 9.98. అంటే రెండు వైపులా 22 సెంటీమీటర్ల చొప్పున తగ్గించాలి. కోయొద్దు, చివర వెనక్కి మడిచి తీగకే గట్టిగా చుట్టండి. రేపు ఇంకో చోట, ఇంకో ఎత్తులో కడితే డిప్ మళ్లీ జరుగుతుంది.

కోయాక్స్‌ను చేత్తో పట్టుకోగానే రీడింగ్ మారుతుంటే షీల్డ్ (కేబుల్‌లోని లోహపు అల్లిక) బయటి వైపు ఆర్‌ఎఫ్ (రేడియో కరెంట్) పారుతోందన్నమాట. దాన్ని ఆపడానికి 43 మిక్స్ (ఒక రకం ఫెర్రైట్ పదార్థం) పెద్ద ఫెర్రైట్ రింగుకు ఆర్‌జీ-58 (సన్న కోయాక్స్) పది పన్నెండు చుట్లు చుట్టి ఫీడ్ పాయింట్ (కోయాక్స్ యాంటెన్నాకు కలిసే చోటు) దగ్గర పెట్టండి.

నీళ్లు దిగిన పాత కోయాక్స్‌తో మాత్రం జాగ్రత్త. పవరంతా అదే తినేసి, రేడియో దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ ముచ్చటగా 1.3 చూపిస్తుంది!