రెయినియర్ దారపు పటం: తొమ్మిది నెలల పని వివరం

జనవరి

సియాటిల్ శివారులో మా ఇంటి వంటగది కిటికీలోంచి, మబ్బు లేని రోజున, 4,392 మీటర్ల మౌంట్ రెయినియర్ మంచు శిఖరం కనిపిస్తుంది. ఇక్కడ స్థిరపడి పదేళ్లు దాటినా ఆ పేరు ఎవరిదని నేను ఎన్నడూ ఆలోచించలేదు. సంక్రాంతికి విశాఖపట్నం ఫోన్ చేసినప్పుడు, పటాల పిచ్చి ఉన్న మా బాబాయి, 1804లో విశాఖ రేవులో ఫ్రెంచివారితో జరిగిన నౌకాయుద్ధం గురించి చెబుతూ, ఆ రోజుల్లో మన సముద్రాల్లోని బ్రిటిష్ నౌకాదళ విభాగమైన ఈస్టిండీస్ స్టేషన్ మొత్తానికి సేనాధిపతిగా ఉన్న వైస్ అడ్మిరల్ పీటర్ రెయినియర్ పేరు ఎత్తారు. మా కొండకూ మా ఊరికీ మధ్య ఒకే మనిషి ఉన్నాడని తెలిసిన ఆ సాయంత్రమే ఈ పని మొదలైంది.

అనుకున్న పని చాలా సులువైనది. ఆయన నౌకాదళ జీవితాన్ని ఒక గోడ పటం మీద గుండుసూదులతోనూ దారాలతోనూ చూపాలి. ఒక్కొక్క ఓడకు ఒక్కొక్క రంగు ఉండాలి. నాలుగు అడుగుల వెడల్పూ మూడు అడుగుల ఎత్తూ ఉన్న కార్కు బోర్డు, స్వేచ్ఛగా వాడుకోగలిగిన తీరరేఖల నుంచి నేనే అచ్చు వేయించిన ప్రపంచ పటం, చిన్న తలలున్న గుండుసూదులు, ఎంబ్రాయిడరీ దారం కొన్నాను. ఆ దారంలో ఆరు పోగులుంటాయి; ఆరూ కలిపి వాడితే తాడులా కనిపిస్తుంది, ఒక్కటే వాడితే రెండు గజాల దూరం నుంచి కనబడదు, కాబట్టి రెండు పోగులే సరైన కొలత.

పటాన్ని అంటించడంలో మొదటి తప్పు జరిగింది. స్ప్రే జిగురు కొట్టి కాగితాన్ని పరిచేసరికి హిందూ మహాసముద్రం పొడుగునా ముడతలు పడ్డాయి, విప్పబోతే సుమత్రా చిరిగింది. రెండోసారి, చిన్నప్పుడు గాలిపటాలకు వాడిన మైదా జిగురునే పలుచగా కాచి, చల్లార్చి, కాగితాన్ని వెనుకవైపు కొద్దిగా తడిపి, మధ్యనుంచి అంచులకు అప్పడాల కర్రతో ఒత్తుకుంటూ పోతే చక్కగా కూర్చుంది. ఒక రోజంతా కదలకుండా ఆరనివ్వాలి.

ఫిబ్రవరి

సూదులు గుచ్చడానికి ముందు ఒక పట్టిక తయారు చేశాను: తేదీ, ఓడ, హోదా, స్థలం, ఆధారం, నమ్మకం అని ఆరు గడులు. చివరి గడి లేకపోతే ఈ పనంతా వ్యర్థమని నా అభిప్రాయం, ఎందుకంటే దారం ఒకసారి కట్టాక అనుమానం కూడా నిజంలాగే కనిపిస్తుంది.

రెయినియర్ 1741లో ఇంగ్లండ్‌లోని కెంట్ తీరప్రాంతానికి చెందిన శాండ్‌విచ్ పట్టణంలో పుట్టాడు. ఫ్రాన్సు నుంచి మతహింసకు తట్టుకోలేక వచ్చిన హ్యూగెనాట్ (ఫ్రెంచి ప్రొటెస్టెంటు క్రైస్తవ) కుటుంబం వారిది. 1756లో ఆక్స్‌ఫర్డ్ అనే ఓడలో నౌకాదళంలో చేరి, 1758 ఫిబ్రవరిలో యార్మత్‌కు, ఆ తరువాతి నెలలోనే మన సముద్రానికి చేరి టైగర్‌కు మారాడు. ఆ ఓడ మీద ఉండగా 1758 ఏప్రిల్ 29న, అదే సంవత్సరం ఆగస్టు 3న, 1759 సెప్టెంబరు 10న బ్రిటిష్ సేనాని పోకాక్ నౌకాబలానికీ ఫ్రెంచి సేనాని దాషే నౌకలకూ జరిగిన మూడు పోరాటాలనూ చూశాడు. 1760 జూన్‌లో నార్ఫోక్‌కు మారి, పుదుచ్చేరి ముట్టడిలోనూ, 1762లో మనీలాను పట్టుకోవడంలోనూ పాల్గొన్నాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఒక్క ఏళ్లు ఇంకా నిండలేదు.

ఇంతవరకు నాలుగు రంగులు. అన్నీ ఒకే చోట కుప్పపడటం మొదలైంది.

మార్చి

కుప్పపడటానికి కారణం లెక్కలోనే ఉంది. నా పటంలో పశ్చిమాన మౌంట్ రెయినియర్, తూర్పున బండా దీవులు ఉండాలి కాబట్టి రేఖాంశాల్లో దాదాపు 260 డిగ్రీలు 122 సెంటీమీటర్లలో ఇమడాలి. అంటే డిగ్రీకి అర సెంటీమీటరైనా దక్కదు. మద్రాసు నుంచి ట్రింకోమలీకి నాలుగున్నర డిగ్రీలు, పటం మీద రెండు సెంటీమీటర్లు. ఆ రెండు సెంటీమీటర్లలోనే ఆయన జీవితంలోని పోరాటాల్లో అత్యధిక భాగం జరిగింది. పైన చెప్పిన మూడూ కాక, 1782లో ఫ్రెంచి నౌకాధిపతి సఫ్రెన్‌తో బ్రిటిష్ సేనాని హ్యూస్ నౌకాబలం చేసిన నాలుగు పోరాటాలు (ఫిబ్రవరి 17న సదరాసు, ఏప్రిల్ 12న ప్రావిడియన్, జులై 6న నాగపట్నం, సెప్టెంబరు 3న ట్రింకోమలీ), 1783 జూన్ 20న కడలూరు ఎదుట ఐదోది. వీటిలో రెయినియర్ బర్‌ఫర్డ్ ఓడకు కెప్టెన్. పుదుచ్చేరి ముట్టడి, 1781 నవంబరులో నాగపట్నం, 1782 జనవరిలోనూ 1795 ఆగస్టులోనూ ట్రింకోమలీ కూడా కలిపితే పన్నెండు సూదులు. నాగపట్నం, కడలూరు పేర్లు రెండేసి యుద్ధాలకు ఉండటం వలన నేను మొదట 1758 నాటి దాన్ని 1782 సూదికి కట్టేశాను. రెండు సాయంత్రాల పని విప్పవలసి వచ్చింది.

పరిష్కారంగా ఇరవై లక్షల్లో ఒకటో వంతు స్కేలుతో తూర్పు తీరానికి వేరే పటం అచ్చు వేయించి, పెద్ద పటంలో ఎవరికీ పనికిరాని దక్షిణ పసిఫిక్ మీద నిలువుగా అమర్చాను. ట్రింకోమలీ అడుగున, విశాఖపట్నం పైన, మధ్య 50 సెంటీమీటర్లు. పేర్లను సూదుల పక్కన కాక, అంచున వరుసగా రాసి సన్నని గీతలతో కలిపితే చదవడానికి వీలుగా ఉంది.

ఏప్రిల్

తేదీల విషయంలో ఇలాంటి పని చేసేవారికి ఒక హెచ్చరిక అవసరం. ఆ కాలపు బ్రిటిష్ ఓడల లాగ్ (దినచర్య) పుస్తకాల్లో రోజు అర్ధరాత్రి మొదలు కాదు, మధ్యాహ్నం పన్నెండు గంటలకు, అంటే నేల మీది లెక్క కంటే పన్నెండు గంటలు ముందుగా మొదలవుతుంది. 1782 సెప్టెంబరు 3 మధ్యాహ్నం దాటాక మొదలైన ట్రింకోమలీ పోరు ఓడ లెక్కలో 4వ తేదీ కింద పడుతుంది, ఉదయం జరిగిన సంగతులకు మాత్రం రెండు లెక్కల్లోనూ తేదీ ఒకటే. 1805లో బ్రిటిష్ నౌకాదళాన్ని నడిపే అడ్మిరల్టీ ఈ పద్ధతిని రద్దు చేసింది. నా పట్టికలో తేదీ గడిని రెండుగా చీల్చి, ఒకదానికి ‘ఓడ’ అనీ మరొకదానికి ‘నేల’ అనీ పేరు పెట్టిన తరువాత, ఒకదానికొకటి విరుద్ధమని నేను అనుకున్న వివరాల్లో సగానికి పైగా వాటంతటవే సర్దుకున్నాయి.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. లండన్‌లోని క్యూలో ఉన్న జాతీయ అభిలేఖాగారంలో కెప్టెన్ల లాగ్‌లు ఏడీఎమ్ 51 వరుసలోనూ, ఓడ దారి చూసే మాస్టర్ల లాగ్‌లు 52లోనూ, లెఫ్టినెంటు పరీక్ష నెగ్గిన ధ్రువపత్రాలు 107లోనూ, వీలునామాలు పీఆర్‌ఓబీ 11లోనూ ఉంటాయి. వీలునామాలు ఇంట్లో కూర్చునే దించుకోవచ్చు. లాగ్‌లకు నకళ్లు అడిగితే పుటకింత అని వసూలు చేస్తారు కాబట్టి, ఓడ పేరూ నెలలూ ఖాయం చేసుకున్నాకే అడగాలి. పరీక్ష ధ్రువపత్రాల్లోని వయస్సులను జన్మతేదీకి ఆధారంగా తీసుకోకూడదు. ఇరవై ఏళ్లు నిండాలన్న నియమం కోసం వయస్సు పెంచి చెప్పడం అప్పటివారికి మామూలే. రెయినియర్ 1768 ఫిబ్రవరి 2న పరీక్ష నెగ్గినప్పటి పత్రంలో ఇరవై ఆరు దాటినట్లు ఉంది, అది మాత్రం 1741కి సరిపోతుంది.

మే

అసలు చిక్కు ఇక్కడ వచ్చింది. నార్ఫోక్ 1764లో సిబ్బందిని పంపివేసింది. 1768 మే 26న ఆయనకు లెఫ్టినెంటు హోదా వచ్చింది. అయితే 1774 జనవరిలో మెయిడ్‌స్టన్‌కు నియమించేవరకు నౌకాదళంలో ఆయనకు ఓడ లేదు. 1777 మే 3న వెస్టిండీస్‌లో ఆస్ట్రిచ్ అనే చిన్న యుద్ధనౌకకు అధిపతి అయ్యాడు. 1778 జులై 8న దానితో ఒక పెద్ద అమెరికన్ ప్రైవేటీరును (శత్రు నౌకలను దోచుకునే అనుమతి ఉన్న ప్రైవేటు ఓడను) పట్టుకునే పోరులో తీవ్రంగా గాయపడ్డాడు, అందుకు ప్రతిఫలంగా ఆ అక్టోబరులో పోస్ట్ కెప్టెన్ (పూర్తి స్థాయి కెప్టెన్) హోదా పొందాడు. బర్‌ఫర్డ్ మీద భారతదేశం వచ్చి, సంధి అయ్యాక తిరిగి వెళ్లినప్పటి నుంచి 1790లో మోనార్క్ దొరికేవరకు మళ్లీ అర్ధజీతం మీద ఒడ్డునే కూర్చున్నాడు.

దారానికి దూరం తెలుసు గాని కాలం తెలియదు. ఆరేళ్లు ఒడ్డున కూర్చున్న మనిషి నా పటం మీద ఒకే సూది; రెండు వారాల్లో మద్రాసు నుంచి ట్రింకోమలీకి వెళ్లి వచ్చినవాడు రెండు సూదులు, ఒక గీత. చూసేవారికి ఆయన ఎప్పుడూ సముద్రం మీదే ఉన్నట్లు తోస్తుంది, అది అబద్ధం. ఆ కాలపు నౌకాధికారి జీవితంలో ఎదురుచూపు చిన్న భాగం కాదు. పోస్ట్ కెప్టెన్ అయిన తేదీ నుంచి పైమెట్టు కేవలం వరుసక్రమంలో వస్తుంది. పైవారు పోవాలి, లేదా యుద్ధం రావాలి.

రంగు మార్చి చూశాను, చుక్కల గీతలు చూశాను, కుదరలేదు. చివరికి మా ఆవిడ మల్లెలు కట్టే దారం చేతిలో ఉండగా ఒక మాట అంది: ముడి వేయండి. ఓడ లేని ప్రతి సంవత్సరానికీ దారంలో ఒక ముడి. దారాన్ని సూది దగ్గర వేలాడనిచ్చి, సెంటీమీటరుకు ఒక్కటి చొప్పున వేసుకుంటూ పోయాను. 1764 తరువాతి వాటికి పది ముడులు, 1784 తరువాతి వాటికి ఆరు. శాండ్‌విచ్ దగ్గర ఇప్పుడు రెండు ముడుల తోకలు వేలాడుతున్నాయి. ఇంటికి వచ్చినవారు మొట్టమొదట వేలు పెట్టేది వాటి మీదే.

జూన్

1793 మొదట్లో 74 ఫిరంగుల సఫోక్ ఓడను సిద్ధం చేసుకుని, మరుసటి ఏడు కమొడోర్‌గా, ఈస్టిండీస్ సేనాధిపతిగా బయలుదేరాడు. వెంట పెద్ద వాణిజ్య నౌకల గుంపు. దారిలో ఎక్కడా ఆగకుండా 1794 నవంబరులో మద్రాసు చేరాడు. ఇది ఆనాడు విడ్డూరంగా చెప్పుకున్న ప్రయాణం. పటం మీద పొడవైన ఏకదారం ఇదొక్కటే, కట్టడానికి హాయిగా ఉంది. ఆఫ్రికా కింద రెండు చోట్ల తల లేని సన్న మేకులు కొట్టి దారాన్ని వాటి చుట్టూ తిప్పితే నేల మీదుగా పోకుండా నిలుస్తుంది.

1795 జూన్ 1న రియర్ అడ్మిరల్, ఆగస్టులో ట్రింకోమలీ, 1796 ఫిబ్రవరిలో లవంగాల అంబోయ్నా, మార్చిలో జాజికాయల బండా నీరా. ఆ రెండు దీవుల కొల్లలో ఒక్కొక్క కెప్టెన్‌కు 15,000 పౌండ్ల దాకా దక్కిందని లెక్క కట్టారు. సముద్రంలో పదవి కంటే కొల్ల వల్ల సొమ్ము ఎలా వచ్చిందో తెలియాలంటే ఈ రెండు సూదులు చాలు. 1799 ఫిబ్రవరి 14న వైస్ అడ్మిరల్.

ఆ పదేళ్లకు నేను ఎర్ర దారం ఒక్కటే వాడాను, సేనాధిపతి పతాకం ఏ ఓడ మీద ఉన్నా సరే. తూర్పు తీరంలో పుట్టినవాడికి సులువుగా అర్థమయ్యే విషయం ఒకటి ఇక్కడ కనబడింది: అక్టోబరు వచ్చేసరికి ఈశాన్య రుతుపవనానికీ తుఫానులకూ భయపడి నౌకాబలం మద్రాసు తీరాన్ని విడిచిపోవాలి, ఎందుకంటే అక్కడ లంగరు వేయడానికి బయటి సముద్రమే గాని ఆశ్రయమిచ్చే రేవు లేదు. బొంబాయికో ట్రింకోమలీకో పోవడం, మళ్లీ రావడం. ట్రింకోమలీ మీద అందరూ అంతగా ఎందుకు కొట్టుకున్నారో దీనితో తేలిపోతుంది.

ఆగస్టు

జులైలో పని సాగలేదు. ఎండకు కిటికీ వైపు ఉన్న పచ్చదారం వెలిసింది. బోర్డును ఎదురు గోడకు మార్చాను.

ఇక కొండ. ఈ తీరాన్ని సర్వే చేస్తున్న బ్రిటిష్ కెప్టెన్ జార్జ్ వాంకోవర్ 1792 మే 8న దానికి తన మిత్రుడి పేరు పెట్టాడు. 1798లో అచ్చయిన ఆయన యాత్రా గ్రంథంలో ‘రియర్ అడ్మిరల్ రెయినియర్’ అని ఉంటుంది. నా పట్టికలో హోదా గడి దీన్ని వెంటనే పట్టుకుంది: 1792లో రెయినియర్ ఇంకా కెప్టెనే. పేరు పెట్టిన నాటి హోదా కాక, పుస్తకం రాసేనాటి హోదా అందులో చేరింది. ఈ పర్వతానికి ఇక్కడి మూలవాసులు తరతరాలుగా తహోమా వంటి పేర్లు వాడుతున్నారు, పక్కనున్న టకోమా నగరం పేరు అక్కడిదే. రెయినియర్ ఈ తీరానికి ఏనాడూ రాలేదు. కాబట్టి ఆ సూదికి దారం లేదు. తెల్ల పూస ఒకటి గుచ్చి వదిలేశాను.

సెప్టెంబరు

విశాఖపట్నం సూదిని చివరి వరకు ఆపాను. 1804 సెప్టెంబరు 15న, 50 ఫిరంగుల బ్రిటిష్ యుద్ధనౌక సెంచూరియన్ రెండు వాణిజ్య నౌకలకు కాపలాగా రేవులో లంగరేసి ఉండగా, ఫ్రెంచి అడ్మిరల్ లినోయ్ మారెంగో, అటలాంట్, సెమిలాంట్ ఓడలతో మీద పడ్డాడు. సెంచూరియన్ అసలు కెప్టెన్ జాన్ స్ప్రాట్ రెయినియర్, అడ్మిరల్ రెయినియర్ సోదరుడి కొడుకు. జబ్బు పడి ఒడ్డున ఉన్నాడు. ఆయన స్థానంలో ఉన్న జేమ్స్ లిండ్ కూడా ఆ సమయానికి ఒడ్డునే ఉన్నాడు, లెఫ్టినెంట్ ఫిలిప్స్ పోరు మొదలుపెట్టగా, లిండ్ పడవలో వచ్చి ఓడ ఎక్కాడు. వాణిజ్య నౌకల్లో బర్నబే ఒడ్డుకు కొట్టుకుని పగిలిపోయింది, ప్రిన్సెస్ షార్లెట్ లొంగిపోయింది, సెంచూరియన్ మాత్రం పెద్ద ఓడ రాలేని లోతు తక్కువ నీళ్లలోకి జరిగి నిలబడింది. లిండ్‌కు ఆ తరువాత సర్ బిరుదు వచ్చింది.

అడ్మిరల్ ఆ రోజు విశాఖలో లేడు. ఎర్ర దారం కడితే అబద్ధం, కట్టకపోతే బాబాయి ఊరుకోరు. ఆయన ఆజ్ఞలో ఉండి ఆయన లేని చోట జరిగిన వాటికి అదే ఎరుపులో ఒకే ఒక్క పోగు వాడాలని నిర్ణయించాను. దూరం నుంచి అది కనబడదు. దగ్గరకు వెళితే కనిపిస్తుంది.

ఆ తరువాతి సూదులు మూడే: ట్రఫాల్గర్ యుద్ధం పిమ్మట 1805 నవంబరు 9న ఇచ్చిన పదోన్నతుల్లో నీలి పతాక అడ్మిరల్ హోదా, 1807లో శాండ్‌విచ్ నుంచి పార్లమెంటు సభ్యత్వం, 1808 ఏప్రిల్ 7న వెస్ట్‌మిన్‌స్టర్‌లో మరణం. 2,50,000 పౌండ్ల ఆస్తిలో పదోవంతును దేశం అప్పు తీర్చడానికి రాసిపోయాడు. వీలునామా నకలు చిన్నదిగా అచ్చు వేసి పటం కింది మూలలో అంటిస్తున్నాను.

మిగిలింది పైన బిగించే అక్రిలిక్ షీటు. అంచుల వెంట అర అంగుళం చెక్క ముక్కలు పెట్టి దాన్ని ఎత్తులో నిలపాలి, లేకపోతే సూదుల తలలకు తగులుతుంది; శాండ్‌విచ్ దగ్గర ముడుల తోకలు వేలాడే చోట మాత్రం చిన్న కిటికీ కోసి వదులుతాను.