కౌన్సెలర్ గారు మళ్ళీ అడిగారు
నాన్నగారు పోయాక నేను వెళ్తున్న కౌన్సెలర్ గారు మొన్న కలం పక్కన పెట్టి, "పోయినసారి మీరు ఏడుస్తుంటే నేను తొందరపడి ఓదార్చేశాను. మీ పేరు చెప్పకుండా మా సీనియర్‌తో చర్చించాక ఆ సంగతి నాకు అర్థమైంది. మళ్ళీ చెప్పండి, వింటాను" అన్నారు. ఎంతో అనుభవం ఉన్న ఆవిడ తన పనిని ఇంకొకరి ముందు పరీక్షకు పెట్టుకున్నారని తెలిసి, ఆవిడపై నా గౌరవం రెట్టింపయింది.

మనోవిశ్లేషణ అనే మానసిక చికిత్సా పద్ధతికి ఆద్యుడైన ఫ్రాయిడ్ అంతటివాడు సైతం, డోరా అనే మారుపేరుతో లోకానికి తెలిసిన యువతి 1900 చివర్లో చికిత్స మధ్యలోనే మానేసి వెళ్ళిపోగా, ఆమె తన తండ్రి వంటివారిపై ఉన్న భావాలను తనపైకి మళ్ళించడాన్ని సకాలంలో పసిగట్టలేకపోయానని 1905లో ప్రచురించిన వివరణలో అంగీకరించాడు. అప్పటికీ ఆయన ఆ అమ్మాయి మాటను పూర్తిగా విన్నాడని నేననుకోను.

చిన్న ఊళ్ళలో ఒంటరిగా పనిచేసే కౌన్సెలర్లకు కూడా ఇలా కేసులు చర్చించుకునే సీనియర్లు దొరకాలని గట్టిగా కోరుకుంటున్నాను.