టెహాచపి లూప్ గరాజ్ లాగ్: పద్నాలుగో వ్యాగన్ మళ్లీ పడింది

జులై 12, శనివారం రాత్రి

గరాజ్‌లో నేను కడుతున్నది టెహాచపి లూప్‌కు చిన్న నమూనా: గుట్ట చుట్టూ తిరిగి, తన మీదుగా తానే దాటే రైలు దారి. ఇవాళ నా బొమ్మ రైలుకు 46 వ్యాగన్లు, ముందు మూడు ఇంజన్లు, మొత్తం పొడవు 17 అడుగుల 10 అంగుళాలు. నా లూప్ చుట్టుకొలత 15 అడుగుల 8 అంగుళాలు. అంటే మొదటిసారి నా రైలు తన తోక మీదుగా తానే దాటాలి. రెండేళ్లుగా ఈ గరాజ్‌లో చేస్తున్నదంతా ఆ ఒక్క దృశ్యం కోసమే. ఇంజన్లు టన్నెల్ 9 (లైను తన కిందుగా తానే దూరే సొరంగం) పైకి వచ్చాయి, దాటాయి, ఇంకో అడుగున్నర ముందుకెళ్లాయి. కింద చివరి వ్యాగన్ టన్నెల్‌లోకి దూరడానికి అర అడుగు మిగిలి ఉంది. సరిగ్గా అప్పుడు పద్నాలుగో వ్యాగన్ లోపలి వైపుకు ఒరిగి పడిపోయింది. దాంతోపాటు ఇంకో ఐదు.

మళ్లీ పేర్చి నడిపాను. అదే చోట, అదే వ్యాగన్. ఇవాళ మొత్తం తొమ్మిది సార్లు నడిపితే ఆరుసార్లు పడింది. టన్నెల్ ముఖద్వారం నుంచి టేపు పెట్టి కొలిచాను: 11 అడుగుల 4 అంగుళాలు. ఆరుసార్లూ ఆ గుర్తుకు అటూ ఇటూ అంగుళంలోపే.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం కొంచెం చెప్తాను. అసలు లూప్ కాలిఫోర్నియాలో, బేకర్స్‌ఫీల్డ్‌కీ మొహావీకీ మధ్య కొండల్లో ఉంది. సదరన్ పసిఫిక్ కంపెనీ 1874 నుంచి 1876 వరకు ఆ కనుమ మీద లైను వేసింది. ఇంజనీర్ విలియం హుడ్. కొండను చేత్తో తవ్వి, మందుగుండుతో పేల్చి దారి చేసింది సుమారు 3,000 మంది చైనా కూలీలు. లూప్ పొడవు 3,779 అడుగులు, ఆ ఒక్క చుట్టులో లైను 77 అడుగులు పైకి లేస్తుంది. భాగిస్తే 2.04 శాతం. నేరుగా ఎక్కించడానికి చోటు లేని లోయలో, చిన్న గుట్ట చుట్టూ తిప్పి ఎత్తు సంపాదించారు. 4,000 అడుగుల రైలు వస్తే తల పైన, తోక కింద. నాకు తెలిసి అమెరికాలో రైళ్ల కోసం ఇంతమంది కెమెరాలతో ఎండలో నిలబడే కొండదారి ఇంకొకటి లేదు.

ఎన్ స్కేల్‌లో, అంటే 160వ వంతులో, పూర్తి లూప్ కావాలంటే ఏడున్నర అడుగుల వ్యాసం పడుతుంది. ఆ స్థలం కారుది. నాకు దక్కింది 5 అడుగులు. వాలు మాత్రం 2 శాతం దగ్గర రాజీ పడకుండా ఉంచాను. ఎత్తు 96 మి.మీ. వస్తోంది, డబుల్ స్టాక్, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన కంటైనర్లకు అది ఎక్కువే.

మిగతా పనుల సంగతి: లూప్ దగ్గరి వాలాంగ్ సైడింగ్ (పక్క పట్టా) స్విచ్చులు రెండూ పనిచేస్తున్నాయి. ఓక్ చెట్లు 60 అయ్యాయి.

జులై 13, ఆదివారం

నిద్ర పట్టలేదు, పొద్దున్నే ఐదింటికి గరాజ్‌లో ఉన్నాను.

పడుతున్నది ఖాళీ సెంటర్‌బీమ్ వ్యాగన్, కలప మోసే రకం. మధ్యలో సన్నని గోడ, అటూ ఇటూ ఖాళీ. వంటింటి త్రాసు మీద పెడితే 21 గ్రాములు. నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ సిఫారసు ప్రకారం ఎన్ స్కేల్ వ్యాగన్‌కు అర ఔన్సు, ఆపైన పొడవులో ప్రతి అంగుళానికి 0.15 ఔన్సు ఉండాలి. ఐదున్నర అంగుళాల ఈ వ్యాగన్ దాదాపు 38 గ్రాములు తూగాలి. ఆ సంఘం 1935లో పుట్టింది. ఎవరి వ్యాగన్ ఎవరి లేఅవుట్ మీదైనా నడవాలన్న పట్టుదలతో మొదలైన ఆ కొలతల వల్లే ఇవాళ నేను ఈ మాట చెప్పగలుగుతున్నాను. వాళ్ల బరువు సూత్రాన్ని పాత చాదస్తం అనేవాళ్లతో నేను ఒప్పుకోను.

అయినా లెక్క కుదరడం లేదు. స్ప్రింగ్ త్రాసు కప్లర్‌కు, అంటే వ్యాగన్లను కలిపే కొక్కేనికి, తగిలించి, 14వ వ్యాగన్ దగ్గర లాగుడు ఎంతో కొలిచాను: 41 గ్రాములు. వ్యాగన్ పొడవు 145 మి.మీ., వంపు వ్యాసార్థం 762. ఆ లాగుడులో లోపలికి గుంజే భాగం 8 గ్రాములు దాటదు. 8 గ్రాములు 21 గ్రాముల వ్యాగన్‌ను ఒరగదోయలేవు, అందులోనూ కప్లర్ పట్టాకు ఐదున్నర మి.మీ. ఎత్తులోనే ఉంటుంది. కాగితం మీద పడకూడని వ్యాగన్ పట్టా మీద పడుతోంది.

అనుమానం ఒకటి, కప్లర్ల స్ప్రింగులు. స్ప్రింగ్ ఉన్న కప్లర్లతో పొడవాటి రైలు రబ్బరు బ్యాండులా ముందుకూ వెనక్కూ ఊగుతుంది, ఆ కుదుపులో లాగుడు క్షణం పాటు రెట్టింపు కావచ్చు. అనుమానం రెండు, సూపర్ ఎలివేషన్, అంటే వంపులో బయటి పట్టాను ఎత్తి ఉంచడం. అసలు లైనులాగా కనబడాలని వంపులో బయటి పట్టా కింద 0.8 మి.మీ. ప్లాస్టిక్ పట్టీలు వేశాను. చూడ్డానికి ఎంత బాగుంటుందో చెప్పలేను. కానీ నెమ్మదిగా ఎక్కే రైలుకు అది లోపలికి ఒరిగిన మంచం లాంటిది.

సెంటర్‌బీమ్ అడుగున సీసం రేకులు అంటించి 38 గ్రాములకు తెచ్చాను. పది సార్లు నడిపితే నాలుగుసార్లు పడింది. తగ్గింది, పోలేదు.

జులై 19, శనివారం

డల్లాస్‌లో హెచ్‌ఓ స్కేల్ (నాదానికన్నా పెద్ద సైజు) రైళ్లు నడిపే అన్నయ్యకు వీడియో కాల్ చేసి చూపించాను. ఆయన ఐదు నిమిషాలు మాట్లాడకుండా చూసి, "తమ్ముడూ, వ్యాగన్‌ని తిట్టడం ఆపు. అదే చోట పడుతోందంటే తప్పు పట్టాది. పట్టా పక్కన కన్ను పెట్టి చూడు" అన్నారు.

నేల మీద పడుకుని, టార్చి వేసి, పట్టా వెంట చూశాను. ఏమీ కనబడలేదు. డిజిటల్ లెవెల్‌ను అంగుళం అంగుళం జరుపుతూ పోతే 11 అడుగుల 3 అంగుళాల దగ్గర అంకె ఒక్కసారిగా పడిపోయి, ఐదు సెంటీమీటర్ల తర్వాత మళ్లీ లేచింది. బ్యాలస్ట్, అంటే పట్టా కింద పోసిన కంకర, తడిపి గీకేశాను. కింద ప్లైవుడ్ అతుకు. ఆ అతుకు మీద రెండు అంగుళాల మేర ప్లాస్టిక్ పట్టీ వేయలేదు. పట్టా అప్పటికే సోల్డర్ చేసి ఉండటంతో అక్కడ వదిలేసి, ఆ తర్వాత మళ్లీ మొదలుపెట్టినట్టున్నాను. బయటి పట్టా అక్కడ 0.45 మి.మీ. దిగి ఉంది.

అర మిల్లీమీటరు కూడా లేదు కదా అనిపిస్తుంది. కానీ సెంటర్‌బీమ్ పొడవుగా, బిగుసుకుని ఉంటుంది. ముందు ట్రక్కు (వ్యాగన్ కింది చక్రాల చట్రం) గుంట దాటి మళ్లీ ఎత్తెక్కేసరికి వెనక ట్రక్కు గుంటలో ఉంటుంది, ఒక కాలు పొట్టిదైన స్టూలులాగా. ఫీలర్ గేజ్ (సన్నని సందులు కొలిచే రేకులు) పెట్టి చూస్తే వెనక ట్రక్కు బయటి చక్రం కింద 0.3 మి.మీ. ఖాళీ. చక్రం అంచు లోతే అర మి.మీ. పైచిలుకు. అందులో సగానికి పైగా గాలిలో ఉన్నప్పుడు లోపలికి లాగే 8 గ్రాములు చాలు. పొట్టి రైళ్లకు ఆ లాగుడు ఉండదు కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు.

పట్టీ వేసి, 30 సెంటీమీటర్ల దూరంలో నెమ్మదిగా సర్దుకునేలా చేశాను. రాత్రి పదకొండింటికి ఎనిమిది చుట్లు, ఒక్కటి కూడా పడలేదు. తల తోకను దాటుతుంటే మా ఆవిడను లేపి తీసుకొచ్చి చూపించాను.

జులై 27, ఆదివారం

మళ్లీ పడుతోంది. అదే చోట.

ఈసారి ఊహలు కట్టిపెట్టి పట్టిక రాశాను. రెండు రోజుల్లో 40 చుట్లు: 20 పొద్దున, 20 మధ్యాహ్నం. పొద్దున ఒక్కసారి కూడా పడలేదు. మధ్యాహ్నం ఏడుసార్లు. గరాజ్‌లో పొద్దున 68 డిగ్రీలు, మధ్యాహ్నం మూడింటికి 101, ఫారెన్‌హీట్‌లో. అంత తేడాకు నా లూప్ పట్టా లెక్క ప్రకారం 1.4 మి.మీ. సాగుతుంది. నేను వంపులో అతుకులన్నీ సోల్డర్ చేసి, ఎక్కడా సందు వదలలేదు. సాగిన పట్టా ఎటో ఒకటి పోవాలి. బ్యాలస్ట్ గీకి మళ్లీ పోసిన చోటే అన్నిటికన్నా బలహీనం. పొద్దున పెన్సిల్‌తో గీత గీసి మధ్యాహ్నం చూశాను, పట్టా బయటికి 0.6 మి.మీ. జరిగి ఉంది. సూర్యుడు దిగాక మళ్లీ గీత మీదికి వచ్చేసింది. ప్లైవుడ్ తేమకు ఉబ్బడం కూడా ఇందులో కొంత ఉందని నా అనుమానం, కొలవడానికి తేమ మీటరు కావాలి.

మధ్యలో ఇంకో ప్రయోగం. రెండు ఇంజన్లను ముందు నుంచి తీసి 22వ వ్యాగన్ తర్వాత పెట్టాను. అవి వెనక సగాన్ని లాగి, ముందు సగాన్ని నెడతాయి. 14వ వ్యాగన్ దగ్గర లాగుడు 41 నుంచి 12 గ్రాములకు దిగింది. మండే మధ్యాహ్నం పది చుట్లు, పదీ శుభ్రంగా. ఇది నా తెలివి కాదు. సదరన్ పసిఫిక్ వాళ్లు ఈ కొండ మీద బరువు రైళ్లకు ఇలాగే మధ్యలో హెల్పర్లను, అంటే సాయం ఇంజన్లను, కలిపేవారు. మన రైల్వేలో బ్యాంకర్ అంటారే, అది ఎక్కువగా వెనక నుంచి నెడుతుంది. ఇక్కడ రైలును విడదీసి మధ్యలో చొప్పించడం అలవాటు. ఇప్పుడు ఆ మధ్య ఇంజన్లను ముందు ఇంజన్ నుంచే రేడియోతో నడుపుతున్నారు. కారణం మాత్రం నా స్ప్రింగ్ త్రాసు చూపిందే: వంపులో పొడవాటి రైలును ఒక్క చివర నుంచే లాగితే ఖాళీ వ్యాగన్లు దారం బిగిసినట్టు లోపలికి వచ్చేస్తాయి.

ఆవిరి రోజుల్లో ఆ పని చేసినవి క్యాబ్ ఫార్వర్డ్ ఇంజన్లు. టన్నెళ్లలో పొగకు సిబ్బంది ఉక్కిరిబిక్కిరి కాకుండా డ్రైవర్ గదిని ముందుకు తెచ్చి, పొగగొట్టాన్ని వెనక్కి పంపారు. మిగిలింది ఒక్కటే, 1944లో బాల్డ్‌విన్ కట్టిన 4294, శాక్రమెంటో రైల్‌రోడ్ మ్యూజియంలో ఉంది. ఆ మ్యూజియం పుట్టుకకు రైల్వే అభిమానులు దశాబ్దాల పాటు దాచుకున్న ఇంజన్లూ పెట్టెలే పునాది. దాని పక్కన నిలబడ్డప్పుడు, తుక్కుకు పోకుండా ఆపినవాళ్లకు మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

అలాగని హెల్పర్లతో పట్టా తప్పును కప్పేయను. పట్టా బాగుండాలి, హెల్పర్లూ ఉండాలి.

ఇంజన్ల మాట వచ్చింది కాబట్టి: నా ఐదింటిలో మూడు కాటో కంపెనీవి. మెల్లగా నడిపితే వాటి మెత్తదనం నాకు ఇంకెందులోనూ దొరకలేదు. పట్టా విషయంలో అట్లస్ కంపెనీ కోడ్ 55 (పట్టా ఎత్తు 0.055 అంగుళం) చూడ్డానికి అందం, పెకో కోడ్ 55 మొండిది. గరాజ్ ఎండల్లో మళ్లీ మొదలుపెడితే కనబడని చోట్లన్నీ పెకో వేస్తాను.

వచ్చే శనివారం రంపం బ్లేడుతో రెండు సందులు కోస్తాను, 5 అడుగుల దగ్గర ఒకటి, 10 అడుగుల దగ్గర ఒకటి. ఒక్కొక్కటి 0.8 మి.మీ. మధ్యాహ్నం ఎండలో కోస్తే చల్లబడ్డాక సందు మరీ పెద్దదవుతుంది, అందుకని పొద్దున కోయాలి. కరెంటు తీగలు రెండు వైపులా ముందే సోల్డర్ చేసి ఉంచాలి.

ఆగస్టులో టెహాచపి వెళ్తున్నాం. రెండుసార్లు వెళ్లినా గుట్ట మీది తెల్ల శిలువ ఎత్తును ఫొటోల నుంచి లెక్కగట్టలేకపోయాను. 1989లో శాన్ బెర్నార్డినో ప్రమాదంలో చనిపోయిన ఇద్దరు సదరన్ పసిఫిక్ ఉద్యోగుల గుర్తుగా పెట్టిన శిలువ అది. అది లేకుండా నా గుట్ట పూర్తి కాదు. 1952 భూకంపంలో దెబ్బతిన్న టన్నెళ్లు లూప్‌కు కింద, బేకర్స్‌ఫీల్డ్ వైపు ఉన్నాయి. వాటిలో కొన్నిటిని పైనుంచి పూర్తిగా తవ్వేసి తెరిచిన కోతలుగా మార్చి నెల తిరగకముందే రైళ్లు నడిపారు. రోడ్డు మీద నుంచి కనిపించినంత మేర ఆ కోతల రంగు ఫొటోలు తీయాలి, నా ప్లాస్టర్ కొండలు మరీ ఎర్రగా వచ్చాయి.