మారుతి 800 రిపేరు డైరీ: కార్బొరేటర్ పని చివరికి

నాయన కొన్న 1992 మోడల్ మారుతి 800 ఇది. నంబరు ఏపీ 24తో మొదలవుతుంది, పాత నల్లగొండ జిల్లా రిజిస్ట్రేషన్. 796 సీసీ, మూడు సిలిండర్లు, పెట్రోల్‌లో గాలి కలిపే కార్బొరేటర్, కాయిల్ కరెంటుని తెంచి స్పార్క్ పుట్టించే పాయింట్ల ఇగ్నిషన్. స్కానర్ పెట్టి కోడ్ చదవడానికి ఇందులో ఏమీ లేదు. ఏది పాడైనా కంటికి కనబడాలి, చెవికి వినబడాలి, లేదంటే మీటర్లో దొరకాలి. ఈ బండి అంటే నాకు ప్రాణం కావడానికి అదొక కారణం.

సంక్రాంతి నుంచి రెండు కంప్లైంట్లు. పొద్దున సెల్ఫ్ కొడితే చాలాసేపు తిరిగితే గానీ అంటుకోదు. అంటుకున్నాక స్లోలో, అంటే ఎక్సలేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు, బండి మొత్తం వణుకుతుంది, నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్‌లో ఎక్సలేటర్ మీద నుంచి కాలు తీస్తే ఆగిపోతుంది. రోడ్డెక్కి థర్డ్, ఫోర్త్ గేర్లలో పోతుంటే మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

ఎవరిని అడిగినా ఒకటే మందు చెప్పారు. దేవరకొండ రోడ్డులో నాకు తెలిసిన మెకానిక్ అన్న కూడా ముందు అదే అన్నాడు: "కార్బొరేటర్ కిట్టు వేసెయ్ తమ్మీ, అయిపోతది." నేను ఆ పనిని చివరికి పెట్టుకున్నాను. మూడు సిలిండర్లకూ పెట్రోల్ ఇచ్చేది ఒకే కార్బొరేటర్. అది చెడితే మూడూ చెడాలి. నా బండి వణుకులో ఒక వరస ఉంది: రెండు దెబ్బలు పడతాయి, ఒకటి పడదు. మళ్లీ రెండు పడతాయి, ఒకటి పడదు. సైలెన్సర్ వెనక అరచెయ్యి అడ్డం పెడితే ఆ ఖాళీ చేతికి స్పష్టంగా తెలుస్తుంది. ఒక్క సిలిండరే పని చేయట్లేదంటే ఆ ఒక్కదానికే సంబంధించిన కారణం వెతకాలి.

ఫిబ్రవరి: బ్యాటరీ, ఎర్త్

స్టార్టింగ్ కంప్లైంట్ ఏదైనా ముందు కరెంటు చూడాలి. మల్టీమీటర్ పెడితే బ్యాటరీ 12.6 వోల్టులు, అంటే ఫుల్ చార్జ్. సెల్ఫ్ కొట్టేటప్పుడు కూడా 10.5కి పైనే ఉంది. 9.6 కన్నా కిందికి దిగితే బ్యాటరీని అనుమానించాలి, ఇక్కడ ఆ అవసరం లేదు. అయినా సెల్ఫ్ బద్ధకంగా తిరుగుతోంది.

ఇక్కడ చాలామంది వదిలేసే టెస్ట్ ఒకటుంది, ఎర్త్‌ది, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వచ్చే దారిది. మీటర్ ఒక పిన్ను బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజన్ బ్లాక్ మీద శుభ్రమైన ఇనుము దగ్గర పెట్టి సెల్ఫ్ కొట్టాలి. ఇంజన్ అంటుకోకుండా కాయిల్ వైరు పీకేసి, మేనల్లుణ్ని సీట్లో కూర్చోబెట్టాను.

"కొట్టాలా మామా?"

"కొట్టు. నేను ఆపమనేదాక వదలకు."

మీటర్ 1.4 వోల్టులు చూపించింది. మంచి ఎర్త్ ఉంటే 0.2, 0.3 దాటకూడదు. గేర్‌బాక్స్ నుంచి బాడీకి పోయే ఎర్త్ పట్టీ విప్పి చూస్తే లోపల తీగలు పచ్చగా చిలుమెక్కి సగం తెగిపోయి ఉన్నాయి. దీనివల్ల సెల్ఫ్ మోటార్ ఒక్కటే నష్టపోదు. పాయింట్లకు కూడా ఎర్త్ ఇంజన్ బాడీ నుంచే కాబట్టి, స్టార్ట్ అయ్యే ఆ క్షణంలో కాయిల్‌కీ వోల్టేజీ తగ్గుతుంది. స్పార్క్ బలంగా కావాల్సిన సమయంలోనే బలహీనపడుతుంది.

కొత్త కేబుల్‌కి రెండు వైపులా లగ్గులు నొక్కించి, బాడీ మీద పెయింటు గీకి, బోల్టు బిగించి పైన గ్రీజు రాశాను. ఇప్పుడు రీడింగ్ 0.15. సెల్ఫ్ శబ్దమే మారిపోయింది. పొద్దున స్టార్టింగ్ చాలావరకు దారికొచ్చింది. వణుకు మాత్రం అలాగే ఉంది. అంటే రెండు కంప్లైంట్లకు రెండు వేర్వేరు కారణాలు.

మార్చి మొదట్లో: ప్లగ్గులు, పాయింట్లు

మూడు ప్లగ్గులూ విప్పి పాత పేపర్ మీద వరసగా పెట్టాను. ఒకటి, రెండు లేత ఇటుక రంగులో ఉన్నాయి, ఉండాల్సిన రంగు అదే. మూడోదాని పింగాణీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. పెట్రోల్ తక్కువై, గాలి ఎక్కువై మండితే వచ్చే రంగు అది. స్పార్క్ రాకపోతే ప్లగ్గు తడిగా, నల్లగా ఉండేది. ఈ ఒక్క చూపుతో సగం దారి దొరికింది.

అయినా ఇగ్నిషన్ పని పూర్తి చేయకుండా ముందుకు పోవడం నాకు ఇష్టం లేదు. పాయింట్ల మీద ఒకవైపు గుంట, ఒకవైపు బుడిపె వచ్చాయి. పాయింట్లు, కండెన్సర్ రెండూ కలిపే మార్చాను, ఎందుకంటే అలా గుంటలు పడడానికి కండెన్సరే కారణం కావచ్చు. గ్యాప్ 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్ల మధ్య. ప్లగ్గుల గ్యాప్ 0.8. పాయింట్ గ్యాప్ మారితే టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, కూడా జరుగుతుంది కాబట్టి ఆ తర్వాత టైమింగ్ లైటు పెట్టి సరిచూసుకోవాలి. పాయింట్లు మార్చి టైమింగ్ చూడకుండా బండి ఇస్తే పికప్ పోయిందని మళ్లీ అదే షెడ్డుకి తిరగాల్సి వస్తుంది.

రాత్రి ఇంటి ముందు లైట్లన్నీ ఆర్పి, ఇంజన్ ఆన్‌లో ఉంచి బానెట్ తెరిచి చూశాను. ప్లగ్ వైర్లలో ఎక్కడన్నా కరెంటు లీకైతే చీకట్లో సన్నని నీలి గీతలు పాకుతూ కనబడతాయి. ఒక్కటీ కనబడలేదు.

మార్చి: ఏ సిలిండర్, ఎందుకు

రబ్బరు పిడి ప్లయర్‌తో స్లోలో ఒక్కో ప్లగ్ వైరు తీసి చూశాను. తీసిన వైరుని ఊరికే వదలకుండా ఎర్త్‌కి ఆనించాలి, లేకపోతే కాయిల్ మీద భారం పడుతుంది. ఒకటో వైరు తీస్తే ఇంజన్ కూలబడింది. రెండోది కూడా అంతే. మూడోది తీస్తే ఏ మార్పూ లేదు. ఇంజన్ రేజ్ చేసి పట్టుకుని మళ్లీ తీస్తే మాత్రం మూడో సిలిండర్ పోయిన తేడా వెంటనే తెలిసింది. స్లోలో చచ్చిపడి, స్పీడులో లేచి పని చేస్తోంది.

కంప్రెషన్, అంటే సిలిండర్లలో వచ్చే ఒత్తిడి, కూడా చూశాను: ప్లగ్గులన్నీ తీసి, ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి, సెల్ఫ్ కొట్టి. మూడూ 150 పీఎస్‌ఐకి అటూ ఇటూగా వచ్చాయి. అంకె కన్నా మూడింటి మధ్య తేడా ముఖ్యం. తేడా పెద్దగా లేదు కాబట్టి వాల్వులు, రింగుల టెన్షన్ తీరింది.

ఇక మిగిలింది గాలి. కార్బొరేటర్‌లో కొలతగా కలిసిన గాలి కాకుండా, దాని తర్వాత ఎక్కడో దొంగగాలి దూరుతోంది. స్లోలో ఇంజన్ పీల్చుకునే గాలే తక్కువ, అందులో ఈ అదనపు గాలి పెద్ద భాగం అవుతుంది. స్పీడులో గాలి ఎక్కువ పోతుంది కాబట్టి అదే లీకు లెక్కలోకి రాదు. నా బండి లక్షణం అచ్చం ఇదే. ఖాయం చేసుకోవడానికి ఇంజన్ వేడెక్కాక, గాలి తగ్గించి పెట్రోల్ వాటా పెంచే ఛోక్ కొద్దిగా లాగాను. మామూలుగా వేడి ఇంజన్ ఛోక్ లాగితే మూలగాలి. ఇది వణుకు తగ్గి సర్దుకుంది.

ఇంజన్ గాలి పీల్చే బలాన్ని పాదరసం అంగుళాల్లో చూపే వాక్యూమ్ గేజ్ స్లోలో 13 అంగుళాలు చూపిస్తోంది, ముల్లు ఊగుతోంది. గేజ్‌ని మేనిఫోల్డ్‌కే (కార్బొరేటర్ నుంచి సిలిండర్లకు మిక్చర్ తీసుకెళ్లే గొట్టాలు) ఉన్న నిపుల్‌కి తగిలించాలి. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ అడ్వాన్స్ పైపు దగ్గర పెడితే స్లోలో అసలు రీడింగే రాకపోవచ్చు, దాని రంధ్రం సాధారణంగా ఎక్సలేటర్ తొక్కితే తెరుచుకునే త్రాటిల్ ప్లేటుకి పైన ఉంటుంది. ఇంకో మాట: పుస్తకాల్లో మంచి ఇంజన్‌కి 17 నుంచి 21 అంగుళాలని రాస్తారు, అది సముద్రమట్టం లెక్క. ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు ఒక అంగుళం తగ్గించుకోవాలి. నల్లగొండ 400 మీటర్లకు పైనే ఉంది, కాబట్టి మనకు 16 వచ్చినా సంతోషమే.

లీకు ఎక్కడుందో పట్టుకోవడానికి కొందరు కార్బ్ క్లీనర్ కొడతారు, పెట్రోల్ కూడా చల్లుతారు. నడుస్తున్న ఇంజన్ మీద ఆ పని దయచేసి చేయకండి, మంటలు లేస్తాయి. బట్టల ఇస్త్రీకి వాడే నీళ్ల స్ప్రే చాలు. డిస్ట్రిబ్యూటర్, వేడి ఎగ్జాస్ట్ తప్పించి ఒక్కో జాయింటు మీద కొద్దిగా చల్లుకుంటూ పోవాలి. నీళ్లు ఆ సందుని కాసేపు మూస్తాయి, అంతలోనే ఇంజన్ శబ్దం మారుతుంది. కార్బొరేటర్ అడుగున చల్లాను, మార్పు లేదు. మేనిఫోల్డ్ ఇంజన్ హెడ్‌కి కలిసేచోట, మూడో సిలిండర్ కొసన చల్లగానే గేజ్ ముల్లు పైకి లేచింది. నీళ్లు ఆరగానే మళ్లీ పడింది. మెకానిక్ అన్నని పిలిచి చూపిస్తే తనే స్ప్రే తీసుకుని మళ్లీ మళ్లీ కొట్టి చూశాడు. "గాస్కెట్ పోయినట్టుంది, తీసెయ్" అన్నాడు. రెండు ముఖాల మధ్య సందు మూసే పలచటి పలక అది.

ఉగాది తర్వాత: మేనిఫోల్డ్ విప్పడం

మేనిఫోల్డ్ నట్లు ముందు బిగించి చూశాను. మూడో సిలిండర్ వైపువి రెండు వదులుగానే ఉన్నాయి. బిగిస్తే ఒక రోజు బాగుండి మళ్లీ మొదలైంది. ఇక తప్పదని, మేనిఫోల్డ్‌లోంచి కూడా పోయే కూలెంట్ దించి, దాన్ని విప్పాను. గాస్కెట్ ఆ కొసన చితికి, మసిగీత బయటిదాకా వచ్చింది. మేనిఫోల్డ్ హెడ్‌కి ఆనే ముఖం మీద స్టీలు స్కేలుని అంచు మీద నిలబెట్టి, సందు కొలిచే ఫిల్లర్ గేజ్ దూర్చితే, ఆ కొసన 0.15 మిల్లీమీటర్ల బ్లేడు దూరింది. కొత్త గాస్కెట్ వేసి ఊరుకుంటే అది కూడా కొన్ని నెలల్లో చితికిపోయేది. లేత్ షాపులో ఆ ముఖాన్ని సమం చేయించాను. గాస్కెట్ సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి తెప్పించుకున్నాను, ఇక్కడ దొరికినవి పలచగా అనిపించాయి. నట్లు మధ్య నుంచి కొసలకు, రెండు మూడు విడతలుగా బిగించాలి. ఒకేసారి ఒక మూల బిగిస్తే మేనిఫోల్డ్ మళ్లీ వంగుతుంది.

కూలెంట్ దారులన్నీ తెల్లటి పొరతో సగం పూడుకుపోయి ఉన్నాయి. ఎన్నో ఏళ్లు రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసిన ఫలితం. మన జిల్లా బోరు నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే. ఫ్లోరైడ్ గురించి మాట్లాడతాం గానీ, ఆ నీళ్లలోని ఉప్పుల సంగతి ఇంజన్ లోపల చూస్తే తెలుస్తుంది. బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ కొంటాం కదా, రేడియేటర్‌కీ అదే జాగ్రత్త కావాలి. ఫ్లష్ చేసి కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోశాను.

స్టార్ట్ చేయగానే తేడా తెలిసిపోయింది. గేజ్ 17 దగ్గర నిలబడింది. సైలెన్సర్ వెనక చెయ్యి పెడితే మూడు దెబ్బలూ వరసగా పడుతున్నాయి. నాయన వచ్చి బానెట్ మీద చెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడి, "కొత్తల ఇట్లనే ఉండె" అన్నాడు.

ఏప్రిల్: ఇప్పుడు కార్బొరేటర్

ఇన్ని పనులయ్యాక కార్బొరేటర్ తీశాను. స్లోలో పెట్రోల్ ఇచ్చే పైలట్ జెట్‌ని క్లీనర్, గాలితో శుభ్రం చేశాను, సూది దూర్చలేదు. ఇత్తడి మెత్తన, రంధ్రం కాస్త పెద్దదైనా కొలత పోతుంది. స్లో కట్ వాల్వ్ కూడా చూసుకోవాలి: తాళం ఆన్ చేస్తే టిక్కుమని శబ్దం రావాలి. రాకపోతే స్లోలో పెట్రోలే అందదు.

పెట్రోల్ పైపులన్నీ మార్చాను. బంకుల్లో ఇప్పుడు వచ్చేది ఇ20, అంటే 20 శాతం ఇథనాల్. పాత రబ్బరు దానికి ఉబ్బుతుంది. నా బండి పైపు ఒకటి నొక్కితే జిగటగా వేలికి అంటింది. ఇథనాల్‌తో మిక్చర్ కొంత పలచబడుతుంది కూడా, కాబట్టి లీకు లేకపోయినా మిక్చర్ స్క్రూ కొద్దిగా సరిచూసుకోవడం మంచిది. గేజ్ చూస్తూ స్క్రూ తిప్పి, ముల్లు ఎక్కువ చూపించేచోట ఆపి, స్లో 900 ఆర్‌పీఎం దగ్గర పెట్టాను.

పానగల్లు ఉదయసముద్రం కట్ట దాకా పోయి వచ్చాను, తర్వాత హాలియా మీదుగా సాగర్ కూడా. ఎక్కడా ఆగలేదు.

మిగిలిన పని ఒకటుంది. మధ్యాహ్నం ఎండలో నడిపి పది నిమిషాలు ఆపితే, మళ్లీ స్టార్ట్ కావడానికి మొరాయిస్తోంది. ఇంజన్ వేడికి కార్బొరేటర్‌లోని పెట్రోల్ మరిగి లోపల పొర్లుతోందని నా అంచనా, ఆపిన వెంటనే బానెట్ ఎత్తితే వాసన వస్తోంది. అప్పుడు ఛోక్ ముట్టుకోకుండా, ఎక్సలేటర్ పంపు చేయకుండా, పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొడితే అంటుకుంటోంది. కార్బొరేటర్ కింద ఉండి వేడిని ఆపే ఇన్సులేటర్ పలక కొత్తది తెప్పిస్తున్నాను, పెట్రోల్ పైపుని ఎగ్జాస్ట్‌కి దూరంగా మళ్లిస్తాను. మే ఎండల్లో రీడింగులు తీసి ఇక్కడే రాస్తాను.